జిగురు టీచరు

ఆవిడ రోజూ పొద్దున్నే చేసే మొదటి పని జిగురు కాయడం. తన కడుపులోకి ఏదైనా పడేది ఆ తర్వాతే. చిన్న గిన్నెలో గుప్పెడు పిండి వేసి, నీళ్ళు పోసి, ఉండ కట్టకుండా కలిపి, సన్నటి మంట మీద తిప్పుతూ నిలబడేవారు. తెల్లటి పిండి కాస్తా గాజులా మెరిసేదాకా చెయ్యి ఆపేవారు కాదు. ఆ తిప్పుతున్నంతసేపూ పెదవులు కదులుతూ ఉండేవి. వాళ్ళిల్లు మా వీధిలోనే. వంటింటి కిటికీ రోడ్డు మీదికే ఉండేది కాబట్టి మేము చూస్తూనే ఉండేవాళ్ళం. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "ప్రార్థన చేసుకుంటారా టీచర్, మా పేర్లు చదువుకుంటారా?" అని.

"రెండూ ఒకటే కదే," అన్నారు.

జిగురు చల్లారాక మూత ఉన్న డబ్బాలో పోసుకుని, తడిగుడ్డ చుట్టి, బడిగంటకి చాలా ముందే మూడో గది తలుపు తీసేవారు. మేము ఒక్కొక్కళ్ళం వచ్చి చిరిగిన పుస్తకాలు బల్ల మీద పెట్టేవాళ్ళం. ఊడిన అట్టలు, వేలాడే పేజీలు, చెవులు మడిచిన మూలలు, అన్నీ ఒక పాత బ్రష్షుతో అతికించేవారు. "సంచీలో ఎలా వచ్చినా సరే, గంట కొట్టేసరికి అది పుస్తకంలా ఉండాలి," అనేవారు. పిండిమరలో పనిచేసే ముసలాయన మర దులిపినప్పుడల్లా అడుగున మిగిలిన పిండి పొట్లం కట్టి ఆవిడ కోసం అట్టేపెట్టేవాడు. ఎందుకని ఎప్పుడూ అడగలేదట. అడగకుండా ఇచ్చేవాళ్ళు ఊరికి నలుగురుంటే చాలు, ఆ ఊరికి దేవుడి చూపు ఉన్నట్టే.

జిగురు టీచరు అని పేరు పెట్టింది మొదటి గది పిల్లలు. అది ఆవిడ చెవిన పడకపోలేదు. "నయమే. వార్నిష్ టీచరు అనలేదు. పైపై మెరుగులు దిద్దే రకం అనుకునేవాళ్ళు," అని నవ్వేశారు.

మొదటి గది, మూడో గది అంటున్నాను కదా, అదేమిటో చెప్పాలి. మా బడిలో ప్రతి తరగతికీ మూడు గదులు. పెద్దబడిలో చేరేటప్పుడు ఒక పూట పరీక్ష పెట్టేవారు. చురుకైనవాళ్ళు మొదటి గదికి, ఓ మోస్తరువాళ్ళు రెండో గదికి, మిగిలినవాళ్ళు మూడో గదికి. మొదటి గదికి రెండు వైపులా కిటికీలు, చప్పుడు చెయ్యని ఫ్యాను. మూడో గది సైకిళ్ళ షెడ్డుకి ఆనుకుని ఉండేది. పాఠం మధ్యలో ఎవరి సైకిలు గంటో మోగితే, ఎవరిదో మేమే చెప్పేసేవాళ్ళం. ఆ విద్యలో మాత్రం మాకు సాటి లేదు.

హెడ్మాస్టరుగారు చెడ్డవారని అనను. పిల్లలకి జ్వరమొస్తే తన స్కూటరు మీద ఇంటికి దింపిన మనిషి. ఆయన నమ్మకం ఆయనది. "పరిగెత్తే ఎద్దునీ నడిచే ఎద్దునీ ఒకే కాడికి కడితే రెండూ పాడవుతాయమ్మా," అనేవారు.

"ఎద్దుల సంగతి నాకు తెలియదండి. పిల్లలు మాత్రం పక్కవాళ్ళని చూసే నడక నేర్చుకుంటారు," అనేవారు టీచరు. అక్కడితో ఇద్దరూ ఎవరి పని వాళ్ళు చూసుకునేవారు.

అక్కా నేనూ కవలలం. నాకంటే కాస్త ముందు భూమ్మీద పడింది కాబట్టి అది అక్క అయింది. ఒకే ఉయ్యాలలో పెరిగాం, ఒకే పలక మీద దిద్దాం. ఆ పూట పరీక్షలో అక్క చకచకా రాసేసింది. నాకు ప్రతి ప్రశ్నకీ కాసేపు ఆలోచించుకోవడం అలవాటు. గంట కొట్టేసరికి నా కాగితం సగం తెల్లగానే ఉంది. అక్క మొదటి గది, నేను మూడో గది. మర్నాడు ఇద్దరం చేతులు పట్టుకునే బడికి వెళ్ళాం. వసారా చివర వదలాల్సి వచ్చింది.

బడిలో మొదలైనది బడిలో ఆగలేదు. మా అమ్మకి వీధి మొదట్లో ఇస్త్రీ దుకాణం. నాన్న లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు, ఇంట్లో చుట్టం లెక్క. అమ్మ ఎవరికీ అన్యాయం చేసే మనిషి కాదు, ఒక ముద్దని కూడా సరిగ్గా రెండు చేసి పెట్టేది. కానీ ఆ ఏడాది అక్కకి కొత్త పుస్తకాలు కొంది. నాకు పక్కింటి అబ్బాయి చదివి వదిలేసినవి తెచ్చింది. "మూడో గదికి ఇవి చాలవేమిటే," అంది, అదేదో బియ్యం కొలత అన్నంత మామూలుగా. సాయంత్రాలు అక్క గడప మీద కూచుని చదువుకునేది. నేను బట్టలు మడిచేదాన్ని. నన్ను మడవమని ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. అక్కని మాత్రం, "నువ్వు లేవకే, నీకు చదువుంది," అనేది అమ్మ.

మా గది పిల్లలం కూడా కొన్నాళ్ళకి ఆ 'మూడో గది' మాటనే పట్టుకున్నాం. టీచరు ఏది అడిగినా వెనక బెంచీ నుంచి జవాబు వచ్చేది, "మేము మూడో గది కదా టీచర్." అందరికంటే గట్టిగా అనేవాడు గుమ్మడి. గుండ్రంగా, నిదానంగా ఉండేవాడు కాబట్టి వాడికా పేరు. ఒకరోజు టీచరు వాణ్ణి తలుపు దగ్గరికి తీసుకెళ్ళి అడిగారు.

"ఈ మూడు అనే అంకె ఎక్కడుందిరా?"

"తలుపు మీదుంది టీచర్."

"నీ నుదుటి మీదుందా?"

వాడు నుదురు తడుముకుని, చేతికి చెమట తప్ప ఏమీ అంటకపోవడంతో, "లేదు టీచర్," అన్నాడు.

"అయితే వచ్చి కూచో. తలుపుకి పాఠాలు చెప్పడానికి రాలేదు నేను."

అసలు చిక్కు మా పుస్తకాల్లో ఉంది. అవన్నీ నా పుస్తకాల్లాగే ఎవరో ఒకరు వాడి వదిలేసినవి. చేతులు మారిన పుస్తకంలో ముందు పోయేవి ముందు పేజీలే. విజ్ఞాన శాస్త్రం పుస్తకమైతే, ఆకులూ వేళ్ళూ ఉండే తొలి పాఠాలు గదిలో ఎవరి దగ్గరా సరిగా లేవు. కొందరికి మూడో పాఠం నుంచి మొదలయ్యేది, కొందరికి అయిదో పాఠం సగం నుంచి. కానీ చివరి పాఠాలు మాత్రం అప్పుడే అచ్చయి వచ్చినట్టు ఉండేవి. మూడో గదిలో పుస్తకం ఏనాడూ సగం దాటలేదు కాబట్టి ఆ పేజీలని ముట్టినవాళ్ళు లేరు. కొన్ని పుస్తకాల్లో అవి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండేవి కూడా.

టీచరు ఆ పుస్తకాలన్నీ ఇంటికి పట్టుకెళ్ళి తిరగేశారు. మర్నాడు వచ్చి, "చివరి పాఠం తియ్యండి," అన్నారు.

"మొదటిది కదా టీచర్?" అన్నాం.

"ఉన్నదాంతో మొదలుపెడదాం. ఆకులు బయట చెట్టుకి ఎలాగూ ఉంటాయి, పారిపోవు. చివర నుంచి మధ్యకి వద్దాం."

అలా మా చదువు వెనక నుంచి ముందుకి నడిచింది. చివరి పాఠం గ్రహణాలు. టీచరు మమ్మల్ని సైకిళ్ళ షెడ్డు ముందు నిలబెట్టారు. గుమ్మడి సూర్యుడు. "నువ్వు కదలకురా, నీ చుట్టూ లోకం తిరగాలి," అంటే వాడు జన్మలో మొదటిసారి ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. నేను భూమిని. మా గదిలో అందరికంటే చిన్న పిల్ల చందమామ. ఒకరి నీడ ఒకరి మీద వేసుకుంటూ, తోసుకుంటూ, నవ్వుకుంటూ నేర్చుకున్నాం. ఇంటికెళ్ళి ఆ రాత్రి దుప్పటి కింద కూడా అదే ఆలోచించాను. నేను ఆలోచించేంతసేపూ ఆగే పాఠం నాకు అంతకుముందు దొరకలేదు.

అప్పటివరకూ ఏ గది టీచరు ఆ గదికి ప్రశ్నలు రాసుకునేవారు. ఆ ధీమాతోనే ఉన్నారు మా టీచరు. ఆ ఏడాది హెడ్మాస్టరుగారు అర్ధ సంవత్సరం పరీక్షకి మూడు గదులకీ ఒకే ప్రశ్నపత్రం అన్నారు. ఆ సంగతి పరీక్షకి కాస్త ముందే తెలిసింది. ప్రశ్నలన్నీ మొదటి సగంలోవి. వేళ్ళ రకాలు, ఆకు భాగాలు, మొలకెత్తే గింజలు. మా దగ్గర లేని పేజీలు. కట్ట విప్పి కాగితం చదివిన టీచరు మొహం తెల్లబోయింది. అయినా ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, "తెలిసినంత రాయండి నాన్నా," అని వీపు నిమిరారు.

గుమ్మడి నిజాయితీపరుడు. "ఆకు గురించి నాకు తెలియదు. గ్రహణం గురించి తెలుసు. అది రాస్తున్నాను," అని పైన రాసి, పేజీ నిండా గ్రహణం రాశాడు, బొమ్మతో సహా. దిద్దింది రెండో గది సారు. గుండు సున్నా చుట్టారు, కానీ పక్కన చిన్న అక్షరాలతో 'బొమ్మ బాగుంది' అని రాశారు. ఆ ముక్క రాసినందుకు ఆ సారుకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

గది మొత్తం తప్పింది. సంవత్సరం చివరి పరీక్షకీ ఇదే పద్ధతి, అందులో మొత్తం పుస్తకం ఉంటుంది, తప్పినవాళ్ళు అదే తరగతిలో ఉండిపోతారు అన్నారు హెడ్మాస్టరుగారు. టీచరుని పిలిచి, "చివర నుంచి మొదలుపెట్టడమేమిటమ్మా, ఎక్కడైనా విన్నామా?" అంటే, "తప్పు నాది. పిల్లలది కాదు," అన్నారట ఆవిడ.

మా అమ్మ నా మార్కులు చూసి తిట్టలేదు. అందుకే భయమేసింది. ఆ పూట ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నన్ను దగ్గరికి తీసుకుంది. "ఏడవకే. అందరికీ అన్నీ రావు. నీకు చేతిపని చక్కగా వస్తుంది. సోమవారం నుంచి నాతోపాటు దుకాణంలో ఉండు. అక్క చదువుకుంటుంది," అంది. అంత మెత్తగా చెబితే ఎదురు ఎలా మాట్లాడాలి? సోమవారం అక్క ఒక్కతే బడికెళ్ళింది. మూల మలుపు దాకా వెనక్కి చూస్తూనే వెళ్ళింది.

ఆ వారం మధ్యలో ఒక సాయంత్రం టీచరు మా దుకాణానికి వచ్చారు. చేతిలో ఇస్త్రీకి నాలుగు బట్టలున్నాయి. అవి సాకు అని నాకు కూడా తెలిసింది, అప్పటికే ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉన్నాయి. బల్ల మీద హెడ్మాస్టరుగారి తెల్ల చొక్కా పరిచి ఉంది. ఆయన బట్టలు మా అమ్మ తప్ప ఎవరు ముట్టినా ఆయనకి నచ్చదు. అక్క గడప మీద కూచుని చదువుకుంటోంది.

"మీ చిన్నమ్మాయిని పంపడం లేదేమ్మా," అన్నారు టీచరు, స్టూలు మీద కూచుంటూ.

"దానికి చదువు అబ్బదులెండి టీచరమ్మగారూ. మీ తప్పేం లేదు."

"నా తప్పే ఉందమ్మా. నేను వెనక నుంచి మొదలుపెట్టాను, పరీక్ష ముందు నుంచి వచ్చింది. మీ అమ్మాయికి రానిది కాదు, నేను చెప్పనిది అడిగారు."

అమ్మ చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించింది. "మీరు మంచివారు కాబట్టి అలా అంటారు. పరీక్షలో మొదటి గదికని ఒకటి, మూడో గదికని ఒకటి లేదు కదండీ. పెద్దది రాసింది, ఇది రాయలేదు. ఆడపిల్ల మనసు కష్టపెట్టి మళ్ళీ మళ్ళీ తప్పించడమెందుకు? ఇక్కడైతే దాన్ని మొద్దు అనేవాళ్ళుండరు."

టీచరు ఇక వాదించలేదు. బట్టలు అయ్యేదాకా కూచుంటానని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ చేతులకి జిగురు ఎండిన పొలుసులు అలాగే ఉన్నాయి.

అప్పుడు అక్క పుస్తకం లోంచి తలెత్తింది. అర్ధ సంవత్సరం అయ్యాక మొదటి గదిలో రెండో సగం మొదలైంది. వాళ్ళ సారు ఏ కారణానో గ్రహణాల పాఠం ముందుకి జరిపారు. "టీచర్, ఒక సందేహం అడగనా? అమావాస్యకి చందమామ సూర్యుడి వైపే ఉంటుంది కదా. మరి ప్రతి అమావాస్యకీ గ్రహణం ఎందుకు పట్టదు? మా సారుని అడిగితే, ముందు పుస్తకంలో ఉన్నది చదువు అన్నారు."

"మీ చెల్లిని అడుగు," అన్నారు టీచరు.

"దాన్నా?" అంది అక్క. వెక్కిరింతగా అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది.

నేను మడుస్తున్న దుప్పటి దించాను. దుకాణం మధ్యలో బల్బు వేలాడుతోంది. దాన్ని చూపించి అది సూర్యుడన్నాను. అక్క తలకాయ భూమి అన్నాను. మూట కట్టే పురికొస ఉండ చేతిలోకి తీసుకుని అది చందమామ అన్నాను.

"ఒక కన్ను మూసుకో. ఇదిగో, ఉండ సరిగ్గా బల్బుకి అడ్డం పెట్టాను. కనిపిస్తోందా?"

"లేదు. చీకటి."

"అదీ గ్రహణం. ఇప్పుడు కాస్త పైకి ఎత్తాను."

"కనిపిస్తోంది."

"చందమామ నడిచే దారి మన దారికి కొంచెం వాలుగా ఉంటుంది అక్కా. అందుకని చాలా అమావాస్యలకి ఇలా పై నుంచో, కింద నుంచో జారుకుంటుంది. సరిగ్గా గీతలోకి వచ్చినప్పుడే మూస్తుంది."

అక్క నోరు తెరుచుకుని ఉండనీ బల్బునీ మార్చి మార్చి చూసింది. "ఇది మా పుస్తకంలో ఒక్క వాక్యంలో ఉందే. నేను బట్టీ పట్టేశాను. ఇదా దానర్థం?"

ఇంతలో వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఏమే, అంత చిన్న చందమామ అంత పెద్ద సూర్యుణ్ణి ఎలా మూసేస్తుందే?"

అమ్మ ప్రశ్న అడగడం నేనెప్పుడూ వినలేదు. నా వైపు తిరిగి, నిజంగా తెలుసుకోవాలని చూస్తోంది.

"దగ్గరగా ఉంది కాబట్టి అమ్మా. నీ బొటనవేలు కంటికి దగ్గరగా పెట్టుకుని బల్బు వైపు చూడు."

అమ్మ ఇస్త్రీ పెట్టె వదిలి చెయ్యెత్తింది. ఒక కన్ను మూసి, బొటనవేలు కంటి ముందు పెట్టుకుంది. ముందుకి జరిపింది, వెనక్కి జరిపింది. "మూసేసిందే," అంది చిన్నపిల్లలా. మళ్ళీ జరిపింది. "ఓసి నీ అసాధ్యం కూలా, వేలెడంతది..."

ముందుగా వాసన పట్టింది టీచరు. "అమ్మా, పెట్టె."

అప్పటికే ఆలస్యమైంది. హెడ్మాస్టరుగారి తెల్ల చొక్కా వీపు మధ్యలో ఇస్త్రీ పెట్టె అచ్చు గోధుమరంగులో దిగిపోయింది. నలుగురం చొక్కా మీదికి వంగాం.

"ఆయన చొక్కాకే గ్రహణం పట్టిందమ్మా," అన్నారు టీచరు.

అమ్మ నవ్వాపుకోలేకపోయింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. తర్వాత దిగులు ముంచుకొచ్చింది. "ఈ మొహం పెట్టుకుని ఆయన గడప ఎలా ఎక్కను టీచరమ్మగారూ?"

"చొక్కా సంగతి నేను చెబుతాలెండి. ఆయన ముందు తప్పు ఒప్పుకోవడం ఈ మధ్య నాకు బాగా అలవాటైంది."

అమ్మ ఆ చొక్కా మడిచి పక్కన పెట్టింది. కాసేపు బల్ల మీద గుడ్డ సవరించింది, ఆ గుడ్డకి సవరించాల్సిందేమీ లేకపోయినా. తర్వాత నా వైపు చూడకుండానే అంది, "చిన్నదానా, రేపు బడికి ఏ బట్టలేసుకుంటావో అవి ఇలా పడెయ్యి. పెట్టె వేడి మీదుంది."

ఆ తర్వాతి సంగతులు ఎక్కువ లేవు. హెడ్మాస్టరుగారు మూడు గదులూ తీసెయ్యలేదు, అవి చాలా ఏళ్ళు అలాగే ఉన్నాయి. ఆయన మాత్రం ఆ చొక్కాని కోటు కింద వేసుకుని తిరిగారు, మా అమ్మని ఒక్క మాటా అనకుండా. చివరి పరీక్షలో మా గదిలో చాలామందిమి గట్టెక్కాం. గుమ్మడి గట్టెక్కలేదు, మరో ఏడాది అక్కడే ఉన్నాడు. ఇప్పుడు వాడిది పెద్ద సైకిళ్ళ కొట్టు. గంట విని ఏ సైకిలో చెప్పేస్తాడు. అక్క లెక్కల ఉద్యోగం చేస్తోంది. నేను ఆసుపత్రిలో నర్సుని. రోగులు నిదానంగా చెప్పుకునేది ఓపిగ్గా వింటానని అంటారు. నిదానం అంటే ఏమిటో నాకు తెలుసు కదా. టీచరు పదవీ విరమణ చేసేదాకా మూడో గదిలోనే ఉన్నారు. పై గదికి మారుస్తామంటే ప్రతిసారీ వద్దన్నారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు నా పెదవులు కదులుతాయి. దేవుడి పేరుతోపాటు అందులో ఎవరెవరి పేర్లున్నాయో దేవుడికి తెలుసు.

కానీ ఆ సాయంత్రం అక్కడితో అయిపోలేదు. టీచరు తన నాలుగు బట్టలూ తీసుకుని లేచారు. గడప దగ్గర ఆగి, అక్క ఒళ్ళో ఉన్న కొత్త పుస్తకం వైపు చూశారు. వంగి, ఎంతో పెద్దవాళ్ళని అడిగినట్టు, మెల్లగా అడిగారు.

"అమ్మా, నాకో సాయం చేసిపెడతావా? మా గదిలో పుస్తకాలకి మొదటి పాఠాలు లేవు. చిరిగినవైతే నేను అతికించగలను. అసలు లేనివాటిని ఏం చెయ్యను? మీ గదిలో అందరి దగ్గరా ఆ పేజీలున్నాయి. నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని మీ చెల్లి చెబుతూ ఉంటుంది. నువ్వూ నీ స్నేహితులూ తలా కొంచెం రాసిస్తే చివరి పరీక్షకి మా పిల్లలు అందుకుంటారు. కాగితాలు నేను తెస్తాను."

అక్క తలూపింది. టీచరు రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగారు.

"ఒక పక్క కాస్త అంచు వదిలి రాయండి తల్లీ. అతికించడానికి చోటుండాలి."